పది రూపాయలెత్తు ఉప్పు

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదన్నారు పెద్దలు. అన్నవాళ్ళకి నా సంగతి తెలియదు. ఉప్పు వేయించింది నేను. నీళ్ళు తాగింది మాత్రం ఆకివీడు నుంచి పెంటపాడు దాకా రెండు వందల ఇళ్ళవాళ్ళు. అదీ ఒకే రోజున, ఒకే పూట, మొదటి ముద్దకే. ఈ ఘనకార్యంలో నాకు తోడుగా విక్టోరియా రాణిగారు కూడా ఉన్నారు. ఆవిడ పోయి చాలాకాలమైంది కాబట్టి తిట్లన్నీ నా ఒక్కడి వాటాకే వచ్చాయి.

నవ్వండి, ఫరవాలేదు. కొన్నేళ్ళు గడిచాయి కదా, ఇప్పుడు నాక్కూడా నవ్వొస్తోంది. ఆ రోజు మాత్రం కొల్లేరు కాస్త లోతుగా ఉంటే బాగుండునని చూశాను. నడుం లోతు కూడా లేదు. చావడానికి కూడా అదృష్టం ఉండాలండీ.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. తాడేపల్లిగూడెంలో మోటారు పంపులు అమ్మే కొట్టులో ఉద్యోగం. కొట్టులో ఫోన్ చూడటం ముఖ్యమైన పని, ఎవరైనా వస్తే పంపు అమ్మడం రెండో పని. ఒక మధ్యాహ్నం ఫోన్లో నల్లకళ్ళద్దాల ఆయన ఒకడు వెండి రూపాయి ఎత్తిపట్టుకుని అరుస్తున్నాడు. "మీ ఇంట్లో ఈ రాణిగారి రూపాయి ఉందా? అయితే మీరు లక్షాధికారులు! ఆ సంగతి మీకే తెలీదు!" చివర్లో, నాణెం రిజిస్ట్రేషన్ కోసం ముందుగా రెండు వేలు పంపమన్నాడు. నేను పంపలేదు. అంత అమాయకుణ్ణి కాదు. నాది వేరే రకం అమాయకత్వం, అదేమిటో ముందు ముందు మీరే చూస్తారు.

ఆ రూపాయి నేను చూశాను. ఒకటి కాదు, పది చూశాను. మా శేషారత్నం అత్తయ్య దగ్గర.

అత్తయ్య మా నాన్నగారికి అక్క. ఆకివీడు దగ్గర్లో కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. మామయ్య పోయారు, పిల్లల్లేరు, ఉన్న మేనల్లుణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడ రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతుంది. అమ్ముతుంది అనడం కూడా తప్పే. జనం వచ్చి, వీధరుగు మీద కూర్చుని, ఆరోగ్యం ఎలా ఉందని అరగంట అడిగి, ఆ తర్వాత భయంభయంగా పచ్చడి మాట ఎత్తేవారు. ఇష్టమైతే పెట్టేది, లేకపోతే మజ్జిగిచ్చి పంపేది.

ఆ పచ్చడికి ఒక తూకం ఉంది. అత్తయ్యకి వాళ్ళ అత్తగారు అప్పజెప్పిన తూకం. అరచేతిలో పట్టే పసుపు గుడ్డ సంచి, అందులో పది పాత వెండి రూపాయలు పోసి, నాలుగు పక్కలా కుట్టేసి ఉంటుంది. ఒలిచిన రొయ్య కిలోకి ఆ సంచి ఎత్తు ఉప్పు. చిన్న ఇత్తడి త్రాసు, ఒక చిప్పలో సంచి, రెండో చిప్పలో ఉప్పు. ముల్లు నిటారుగా నిలబడ్డాక పైన ఇంకో చిటికెడు.

"ఆ చిటికెడు ఎందుకత్తయ్యా?" అని చిన్నప్పుడోసారి అడిగాను.

"అదంతేరా. మా అత్తగారు వేసేవారు, నేను వేస్తున్నాను."

ఈ చిటికెడుని కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను, చివర్లో అత్తయ్యే గుర్తుచేసింది.

అదే రోజుల్లో గుడ్డ చిరిగిపోయి అత్తయ్య కొత్త సంచి కుడుతుంటే రూపాయలు కూడా చూశాను. ఆరింటి మీద రాణిగారు, నాలుగింటి మీద బట్టతల రాజుగారు. వీడియో చూసిన క్షణంలో ఆ పది మొహాలూ కళ్ళముందు తిరిగాయి. ఆదివారం పొద్దున్నే బండేసుకుని అత్తయ్య ముందు వాలాను.

"అత్తయ్యా, ఆ రూపాయలు ఎవరికైనా చూపిద్దామండీ. లక్షలు పలుకుతాయంట."

"ఎవరన్నారు?"

"ఫోన్లో ఒకాయన."

"ఆయనకి పచ్చడి పెట్టడం వచ్చా?"

"రాదనుకుంటానండీ."

"మరి ఆయన మాట నాకెందుకు? ఒరేయ్ సూరిబాబూ, అవి అమ్మే రూపాయలు కాదురా, తూచే రూపాయలు. నా తర్వాత ఎలాగూ నీవే. నేనున్నన్నాళ్ళూ ఉప్పువి."

"ఉప్పు తూచడానికి వంద గ్రాముల రాయి చాలదాండీ?"

అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నీకు అన్నం పెడదామనుకున్నాను. ఇంక పెట్టను" అంది. పెట్టింది లెండి, కానీ పచ్చడి వెయ్యలేదు. మా ఇంటా వంటా అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

బుద్ధున్నవాడైతే అక్కడితో ఊరుకునేవాడు. నేను అప్పటికే ఎర్ర కారు కొంటున్నానని మా ఆవిడ పద్మకి చెప్పేశాను. కొట్టులో చెప్పేశాను. కారు పెట్టుకోవడానికి చోటుందా అని ఇంటి ఓనరుగారిని కూడా అడిగేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు పెట్టడమే కాదు, నేను వాణ్ణి స్కూల్లో కూడా చేర్పించేశాను. ఇంక వెనక్కి తగ్గడానికి మొహం చెల్లలేదు.

కార్తీకమాసం వచ్చింది. అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయి అప్పటికి మూడు వారాలు. తోడుంటానని చెప్పి మొదటి సోమవారానికి వెళ్ళాను. తెల్లారుతూనే ఆవిడ శివాలయంలో దీపం పెట్టడానికి బయల్దేరింది. "ఇల్లు చూస్తూ ఉండరా" అంది. చూస్తూనే ఉన్నాను, ముఖ్యంగా సంచి ఉన్న గూడు.

బ్లేడుతో కుట్లు కోసి రూపాయలు తీశాను. దొంగతనం అనకండి. ఒక్క వారం, ఖరీదు కట్టించి తెచ్చి పెట్టేస్తాను, లక్షలని తెలిస్తే ఆవిడే నన్ను దీవిస్తుంది, ఇదీ నా ఆలోచన. మరి సంచి ఖాళీగా ఉండకూడదు కదా. వసారాలో మామయ్య విసురువల వేలాడుతోంది. దాని అంచునిండా సీసం గుళ్ళు. ఒక్కొక్కటే తెంపాను. ఎడంచేతిలో రూపాయలు, కుడిచేతిలో గుళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని తూచాను. సరిగ్గా సమానం అనిపించింది.

అక్కడ ఆగితే కథ ఇంకోలా ఉండేది. ఆ నిమిషంలో నాలో ధర్మప్రభువు మేలుకున్నాడు. ఒరేయ్, పెద్దావిడ సొమ్ము తీస్తున్నావు, తూకంలో కూడా లోటు చేస్తావా, పాపం కాదూ అన్నాడు. నిజమే అనిపించి ఇంకో పెద్ద గుప్పెడు తెంపి సంచిలో వేశాను. జన్మలో నాకు పాపభీతి కలిగింది ఆ ఒక్కసారే. అదే కొంప ముంచింది.

తర్వాత కుట్టాను. నాకు తెలిసిన కుట్టు ఒకటే, ధాన్యం బస్తా మూతి కుట్టే కుట్టు.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని అత్తయ్య అంది. "ఏంట్రా, మీ మామయ్య వల ఎప్పుడూ లేనిది గాలికి ఎగురుతోంది?"

"గాలి ఎక్కువైందండీ, వాయుగుండం అంట."

ఇంటికెళ్ళాక రూపాయలు చూస్తే నల్లగా, మసిపట్టి ఉన్నాయి. లక్షల రూపాయల సొమ్ముని ఇంత దిక్కుమాలిన అవతారంలో ఎవరికైనా చూపిస్తామా? పెళ్ళిచూపులకి కూడా పిల్లకి మొహం కడిగి కూర్చోబెడతాం కదా. చింతపండు నానబెట్టి, ముగ్గు కలిపి, గంటసేపు తోమాను. పద్మ గుమ్మంలో నిలబడి ముక్కుమీద వేలేసుకుంది.

"ఏవండీ, పెళ్ళైనకాడ్నించీ ఒక్క గ్లాసు కడగలేదు. ఇవాళ రాణిగారికి వీపు రుద్దుతున్నారే!"

"నువ్వు నవ్వకు. రేపు ఎర్ర కార్లో కూర్చుని నవ్వుదువు గాని."

తళతళలాడాయి. కొత్త స్టీలు గిన్నెల్లా ఉన్నాయి. జేబులో వేసుకుని ఏలూరు బస్సెక్కాను.

ఏలూరులో కరీంగారని గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. పాత నాణేలంటే ఆయనకి ప్రాణం. కంటికి అద్దం పెట్టుకుని మొదటి రూపాయి చూశారు. రెండోది చూశారు. అద్దం తీసి నన్ను చూశారు.

"వీటికి తలంటింది ఎవరండీ?"

"నేనేనండీ" అన్నాను గర్వంగా. "చింతపండుతో."

ఆయన రెండు చేతులూ తలకి ఆనించుకున్నారు. "నూరేళ్ళు పైబడిన మొహాలు బాబూ ఇవి. ఆ నలుపే వీటి వయసు, ఆ వయసుకే డబ్బిస్తారండీ ఎవరైనా. మీరు మూతీ ముక్కూ అరిగేదాకా తోమేశారు. రాణిగారికి ముక్కేదండీ?"

చూస్తే నిజంగానే ముక్కు కాస్త చదునైంది.

"ముక్కుంటే ఎంత వచ్చేదండీ?" అన్నాను.

"ముక్కున్నా లక్షలు రావండీ. ఇవి ఇంటింటా ఉండే రకం. అచ్చుతప్పో, అరుదైన సంవత్సరమో అయితే వేరు. ఇవి వెండి ధరకి అటూ ఇటూ, అంతే. ఆ వీడియో మీరూ చూశారా? ఈ నెలలో మీరు పద్నాలుగోవారండి."

ఆ తర్వాత ఒక్కొక్క రూపాయినీ చెక్కబల్ల మీద జారవిడిచారు. తొమ్మిది ఖంగుమన్నాయి. పదోది, ఒక బట్టతల రాజుగారు, టప్పుమన్నాడు. ఆయన దాన్ని విడిగా తూచి చిరునవ్వు నవ్వారు.

"ఇది దొంగ రూపాయండీ. ఆ రోజుల్లోనే ఎవడో పోతపోశాడు. రెండు గ్రాములు తక్కువుంది. అన్ని కాలాల్లోనూ ఉంటారు కదండీ."

అన్ని కాలాల్లోనూ అన్నప్పుడు ఆయన నావైపే చూసినట్టు నాకు అనిపించింది. పదింటి బరువూ ఒక చీటీ మీద రాసిచ్చారు: నూట పదిహేను గ్రాములు. చీటీ జేబులో పెట్టుకున్నాను. కొండని తవ్వి ఎలుకని పట్టడం ఒక ఎత్తు. నేను ఆ ఎలుక ముక్కు కూడా అరగదీశాను.

సరే, పోయిందేముంది, రూపాయలు తిరిగి సంచిలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు అనుకుని ఆదివారం అత్తయ్య ఊరు వెళ్ళాను. గుమ్మంలోనే రొయ్యల వాసన కొట్టింది. పెరట్లో నాలుగు పొయ్యిలు, ఊరి ఆడవాళ్ళు ఆరుగురు, గంగాళాలు. మధ్యలో కొత్త కళ్ళజోడు పెట్టుకుని అత్తయ్య, ఆవిడ ముందు త్రాసు, త్రాసులో నా సంచి.

"సమయానికొచ్చావురా! సత్తిరాజుగారి మనవడికి పంచెల ఫంక్షనంట. యాభై కిలోల పచ్చడి కావాలన్నారు, ఒలిచిన రొయ్యే నలభై కిలోలు. వచ్చినవాళ్ళందరికీ పావుకిలో సీసా చేతిలో పెడతారంట."

సత్తిరాజుగారంటే ఆకివీడు పక్కన వంద ఎకరాల రొయ్యల చెరువులున్న ఆసామి.

"కార్తీకంలో నీసేంటత్తయ్యా?"

"అందుకే కదా సీసాలు! ఫంక్షన్లో పప్పూ పులిహోరా పెడతారు. పచ్చడి ఇంటికి పట్టుకెళ్ళి, నెల వెళ్ళాక పోలి పాడ్యమి నాడు విప్పుకుంటారు."

"మరి మీరు రుచి చూడకుండా ఎలాగండీ?"

"కార్తీకంలో నా నాలుక మీద నీసు పెట్టనురా. ఏ యేడూ పెట్టలేదు. చెయ్యి పని చేస్తుంది, నాలుకకి సెలవు. సంచి ఉందిగా! దానికి కార్తీకం లేదు, మాఘం లేదు."

ఆ ఆరుగురు ఆడవాళ్ళూ కార్తీకమే. నేనూ కార్తీకమే. అర్థమైందా అండీ? యాభై కిలోల పచ్చడి, ఆ పెరట్లో ఒక్క నాలుక కూడా డ్యూటీలో లేదు. అందరూ నమ్ముకున్నది ఆ సంచినే.

నేనేమీ కంగారుపడలేదు. బరువు బరువే కదా, వెండైతేనేం, సీసమైతేనేం అనుకున్నాను. అత్తయ్యే రెండుసార్లు ఆగింది.

"సంచి బరువుగా అనిపిస్తోందేంట్రా?"

"ఆపరేషన్ తర్వాత నీరసం అండీ. అన్నీ బరువుగానే ఉంటాయి."

"ఉప్పు కుప్ప కూడా పెద్దదిగా కనిపిస్తోంది."

"కొత్త కళ్ళజోడు కదత్తయ్యా. అన్నీ పెద్దగా కనిపిస్తాయి!"

అత్తయ్య నమ్మింది. మేనల్లుడు కదా, అబద్ధం చెబుతాడని ఎందుకనుకుంటుంది? నలభైసార్లు తూచింది, నలభైసార్లూ పైన చిటికెడు వేసింది. మధ్యాహ్నానికి రెండు వందల సీసాలు నిండాయి. ప్రతి సీసాకీ పంచె కట్టుకున్న కుర్రాడి ఫొటోతో స్టిక్కరు, దాని కింద బంగారు రంగు అక్షరాలతో "పోలి పాడ్యమి నాడు ఆరగించగలరు" అని ముహూర్తం.

ఫంక్షను ఘనంగా జరిగింది. సీసాలన్నీ ఊళ్ళమీదికి వెళ్ళిపోయాయి. ఆ మర్నాడు అత్తయ్య గుడికి వెళ్ళినప్పుడు సంచి విప్పి రూపాయలు లోపల పెట్టి, మళ్ళీ బస్తాకుట్టు కుట్టేసి, గుళ్ళు జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. హమ్మయ్య అనుకుంటూ జేబులు ఖాళీ చేస్తుంటే గుళ్ళూ, కరీంగారి చీటీ ఒకేసారి బయటికొచ్చాయి. పద్మ సన్నబడదామని, అన్నం తూచుకోవడానికి కొన్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా అక్కడే ఉంది. ఏ దుర్ముహూర్తంలో బుద్ధి పుట్టిందో, గుళ్ళు దానిమీద పోశాను.

రెండు వందల ముప్పై.

చీటీ చూశాను. నూట పదిహేను. మళ్ళీ కాటా చూశాను. రెండు వందల ముప్పై. నాకు లెక్కలు రావని మా మాస్టారు అనేవారు కానీ, సరిగ్గా రెట్టింపు అని తెలుసుకోవడానికి మాస్టారు అక్కర్లేదు.

"ఏవండీ, అలా నీలుక్కుపోయారేంటి?" అంది పద్మ.

మొత్తం చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. "రెండు వందల ఇళ్ళు! అత్తయ్యగారికి ఇన్నేళ్ళుగా ఉన్నది ఆ పేరొక్కటే కదండీ. ఇప్పుడే వెళ్ళి కాళ్ళమీద పడండి."

పడాల్సిందే. కానీ అత్తయ్య మొహం తలుచుకుని ఇంకో దారి వెతికాను. పాడ్యమికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి, ఈలోపు సీసాలన్నీ వెనక్కి లాగేద్దాం అనుకున్నాను. ఎవరెవరికి ఇచ్చారో సత్తిరాజుగారి గుమాస్తా దగ్గర లిస్టు తీసుకుని, మూతలు సరిగ్గా లేవు, మార్చాలి అనే నెపంతో బయల్దేరాను.

మొదటి ఇంట్లోనే అడిగారు. "మూత మార్చడానికి సీసా ఎందుకు బాబూ? కొత్త మూత ఇచ్చేసి వెళ్ళండి."

నా దగ్గర మూతలేవీ? రెండో ఇంటావిడ సీసాని దేవుడి గదిలో పెట్టింది. "పాడ్యమి దాకా ముట్టకూడదని అక్కడ పెట్టామండీ, ఇప్పుడు తియ్యకూడదు" అంది. మూడో ఇంట్లో నన్ను దొంగనుకున్నారు. వాళ్ళు కనిపెట్టడంలో తప్పేమీ లేదు.

అలా తిరిగి తిరిగి పెంటపాడు చేరాను. అక్కడొక పెద్దాయన, నుదుట విభూతి, మెడలో రుద్రాక్షలు, కార్తీకపురాణం చదువుతూ అరుగు మీద ఉన్నారు.

"పచ్చడి సీసా మూత మార్చాలండీ."

ఆయన అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని గొడ్లచావిడి వెనక్కి తీసుకెళ్ళారు. "బాబూ, ఆ సీసా... పిల్లి పడేసింది."

"అయ్యో! పగిలిందాండీ?"

"పగల్లేదు. ఖాళీ అయింది." గొంతు తగ్గించారు. "ఒక మాట. ఆ పిల్లికి... ఉప్పు మరీ ఎక్కువైందనిపించింది. పాపం, రెండు రోజులు మంచినీళ్ళ బిందె దగ్గరే ఉంది."

"ఎవరికీ చెప్పకండీ" అన్నాను.

"నువ్వూ చెప్పకు నాయనా" అన్నారు.

ఇద్దరం చేతులు కలుపుకున్నాం. తొమ్మిది రోజుల్లో నేను రాబట్టింది మొత్తం ఆ ఒక్క సీసా, అదీ ఖాళీది.

పోలి పాడ్యమి వచ్చేసింది. తెల్లవారుజామునే ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదిలారు. పోలమ్మ స్వర్గానికి వెళ్ళింది. నేను అత్తయ్య ఇంటికి వెళ్ళాను, చెప్పేద్దామనే. గుమ్మం దాకా ధైర్యంగానే నడిచాను. "రారా, నెల వెళ్ళింది, ఇవాళ నీకూ పచ్చడి వేస్తాను" అంది అత్తయ్య నవ్వుతూ. చెప్పాల్సింది వదిలేసి, కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయాను.

పన్నెండుంబావుకి మొదటి ఫోన్ మోగింది. సత్తిరాజుగారు. మా గోదావరి మర్యాద మీకు తెలుసు కదా, కోపం ఎంత పెరిగితే అండీలు అంత పెరుగుతాయి.

"ఏవండీ శేషారత్నంగారూ, నమస్కారమండీ. తప్పుగా అనుకోకండీ. పచ్చడి చాలా బాగుందండీ. కాకపోతే తినలేకపోతున్నామండీ. మా వియ్యంకుడుగారు ఒక్క ముద్ద పెట్టుకుని, అప్పట్నించీ మాట్లాడట్లేదండీ. అలిగారో, నాలిక తిరగట్లేదో తెలీట్లేదండీ."

పెట్టేసేలోపు ఇంకోటి. "పిన్నిగారూ, కుండెడన్నంలో ఒక్క రొయ్య కలిపామండీ, అయినా ఉప్పేనండీ!" ఇంకోటి. "మావాడు రొయ్యని కడుక్కుని తింటున్నాడండీ!" ఇంకో పెద్దమనిషి అయితే, ఇది పచ్చడా, ఊరగాయ పెట్టుకోవడానికి ఇచ్చిన ఉప్పా, ఎలా వాడాలో చెప్పమని వినయంగా అడిగాడు. ఫోన్ ఛార్జింగ్ అయిపోయేదాకా మోగింది.

అత్తయ్య ఫోన్ పక్కన పెట్టింది. లేచి, ఇంట్లో అట్టిపెట్టుకున్న జాడీ తీసి, వేలితో కాస్త నాలుక మీద పెట్టుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పుకో, అవమానానికో నాకు తెలియలేదు. ఆ మొహం చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ పేరు, ఒక్క పూటలో.

గూట్లోంచి సంచి తీసింది. చేత్తో ఎత్తి చూసింది. తేలిగ్గా ఉంది. కళ్ళజోడు సర్దుకుని కుట్టు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నేను బస్తాలు కుట్టనురా" అంది.

తర్వాత వసారాలో ఎగురుతున్న వల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఆయన నెలంతా దీపాలతో తీరికలేకుండా ఉన్నాడు. మా అత్తయ్యకి రెండు నిమిషాలు పట్టింది.

"నేనేనండీ" అన్నాను. నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. వీడియో, గుళ్ళు, చింతపండు, ముక్కు, కళ్ళజోడు, అన్నీ, పిల్లి సంగతి మాత్రం తప్ప, మాటిచ్చాను కదా.

అంతా విని, "ఇంతకీ ఎంత పలుకుతాయన్నాడు?" అంది.

"వెండి ధరేనంటండీ."

"వెండి ధర!" అత్తయ్య నిట్టూర్చింది. "నీ చెంప పగలగొడదామంటే కళ్ళ డాక్టరు బరువు పనులు చెయ్యొద్దన్నాడు. లే. ఉప్పెక్కువైన పచ్చడికి ఒకటే మందు. అంతే పచ్చడి ఉప్పు లేకుండా వేయించి అందులో కలపాలి. ఒలిచినవే నలభై కిలోలు కావాలి. కొనేది నువ్వు. ఒలిచేదీ నువ్వే."

ఎర్ర కారుకి అడ్వాన్సు కడదామని జీతంలోంచి దాచిన డబ్బుతో సత్తిరాజుగారి చెరువులోనే రొయ్య కొన్నాను. మూడు రోజులు ఒలిచాను. వేళ్ళు ముడతలు పడి, వాటికి కరీంగారి వయసొచ్చింది. ఊరూరా తిరిగి, "ఒక సీసా ఇస్తే రెండు సీసాలు" అని చాటాను. మూతల మనిషికి ఇవ్వనివాళ్ళంతా పరిగెత్తుకుంటూ వచ్చారు. అత్తయ్య ప్రతి గంగాళమూ తన నాలుకతో చూసి గాని దింపలేదు. సత్తిరాజుగారికి ఇంటింటికీ రెట్టింపు కానుక ఇచ్చారన్న పేరొచ్చింది. వియ్యంకుడుగారికి మాట తిరిగొచ్చింది. పెంటపాడు పెద్దాయన అయితే ఖాళీ సీసా ఎలాగూ నా దగ్గరే ఉంది కాబట్టి, పిల్లి కోసం రెండు పట్టుకెళ్ళారు.

చివరి సీసా వెళ్ళిపోయాక అత్తయ్య సంచి నా ముందే విప్పింది. పది రూపాయలూ గచ్చు మీద ఒక్కొక్కటే జారవిడిచింది. తొమ్మిది ఖంగుమన్నాయి. టప్పుమన్న బట్టతల రాజుని వేళ్ళతో పట్టుకుంది.

"మా అత్తగారికి దీని సంగతి పెళ్ళైన కొత్తలోనే తెలుసంట. దొంగ రూపాయి అని పారేస్తే సంచి తప్పుతుంది. అందుకని ఇది తగ్గించే తూకానికి పైన చిటికెడు వేసేవారు."

"మీకు తెలిసి కూడా అదంతే అన్నారేంటండీ?"

"ఇంట్లో దొంగ ఉన్నాడని పిల్లలకి చెబుతామా?" అని, ఆ రూపాయి నా చేతిలో పెట్టింది. "నీ వారసత్వం ఇదిగో, ఇప్పుడే పట్టుకెళ్ళు. ఒక సంచిలో ఒక దొంగని భరించాను. ఇద్దర్ని భరించలేను."

దాని స్థానంలో నేను తెంపిన సీసం గుళ్ళలోంచి సరిగ్గా అసలు రూపాయి ఎత్తున్నదొకటి ఏరి, సంచిలో వేసి కుట్టేసింది. మిగిలిన గుళ్ళు నాచేతే వలకి కట్టించింది. ఆ తర్వాత అత్తయ్య పచ్చడికి పైన చిటికెడు వెయ్యడం మానేసింది.

కాబట్టి, ఆ దొంగ రూపాయిని కుడిచేత్తో పట్టుకుని, కొల్లేటివైపు తిరిగి, రొయ్యలు సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ జన్మలో ఏ నాణెం ఖరీదూ ఎవరినీ అడగను. ఎవరైనా చెప్పబోయినా వినను. చింతపండు చారులో తప్ప ఎక్కడా వాడను. ఎవరైనా ఉప్పెక్కువగా కనిపిస్తోందంటే కళ్ళజోడు మీదికి నెట్టను.

మొన్న ఏలూరు వెళ్తే కరీంగారు బజార్లో ఎదురుపడి, చెయ్యి పట్టుకుని ఆపారు.

"బాబూ, మీ దగ్గర ఆ దొంగ రూపాయి ఇంకా ఉందా అండీ? అసలువాటికన్నా ఇప్పుడు అలాంటి వాటినే వెతుక్కుంటున్నారండీ జనం. దాని ఖరీదెంతో తెలుసా..."

రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని, కదులుతున్న బస్సు ఎక్కేశాను. అది తాడేపల్లిగూడెం బస్సు కాదు, కామవరపుకోట బస్సు. అయినా దిగలేదు.